జొన్నకు దూరపు చుట్టం

మా అత్తగారు ఆగస్టు ఆఖరి వారంలో నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ రోజు పొద్దున నేను కిందికి దిగేసరికి వంటగదిలో డికాక్షన్ వాసన రాలేదు. వచ్చిన మొదటి చలికాలం తప్పిస్తే, ఆవిడ మా ఇంట్లో ఉన్న ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. నా భార్య మేడ మీదికి వెళ్ళి తలుపు తట్టింది. తరవాత నన్ను పిలిచింది. ఆ పిలుపులోనే విషయం అర్థమైంది. ఆవిడ కిటికీ వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నారు. గుండె బలహీనపడిందని డాక్టరు వేసవికి ముందే చెప్పారు కాబట్టి ఇది అనుకోని కబురు కాదు. అయినా మాకు అనుకోనట్టే ఉంది.

ఇండియా నుంచి వచ్చి గ్వెల్ఫ్‌లోనూ పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లోనూ స్థిరపడ్డ మనవాళ్ళలో చాలామందికి ఆవిడ ‘గడ్డి ఆంటీ’గానే తెలుసు. ఆ పేరు పెట్టారని ఆవిడకీ తెలుసు. కోపం రాలేదు. “గుర్తుపెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా పాపం” అనేవారు. ఆవిడ అసలు పేరు నేనిక్కడ రాయడం లేదు. బతికుండగా అత్తగారి పేరు నేను ఒక్కసారి కూడా పలకలేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టాలంటే నోరు రావడం లేదు.

ఆవిడది కర్నూలు. ఆడపిల్లల కాలేజీలో రిటైరయ్యేదాకా బోటనీ చెప్పారు. మా మామగారు కరెంటు ఆఫీసులో పనిచేశారు. ఒక వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో ఆయన పోయారు. నా భార్య వాళ్ళకి ఒక్కతే సంతానం. మేమిద్దరం హడావిడిగా వెళ్ళి, దహనానికి అందుకుని, కర్మకాండలన్నీ అయ్యాక, ఆ ఏడాది చలి మొదలయ్యే వేళకి అత్తగారిని మాతో గ్వెల్ఫ్ తీసుకొచ్చేశాం. రానని అనలేదు. వస్తానని కూడా అనలేదు. పెట్టె సర్దమంటే సర్దుకున్నారు.

ఆ మొదటి చలికాలం ఆవిడ మా ఇంట్లో ఉండీ లేనట్టే ఉన్నారు. అడిగినదానికి జవాబు చెప్పేవారు, అంతే. మా పాప అప్పుడు రెండో క్లాసు. స్కూలు నుంచి వచ్చి అమ్మమ్మ పక్కన కూచుని ఏదో చెబుతుంటే తల ఊపేవారు. అన్నం ముందు పెడితే నాలుగు మెతుకులు తిని చెయ్యి కడుక్కునేవారు. నా భార్య ఆఫీసు మధ్యలో ఫోన్ చేసి, “అమ్మ ఏదైనా తిన్నదా, కనుక్కున్నావా?” అని నన్నడిగేది. మా డాక్టరు ఏవో మందులు రాశారు. వాటితో నిద్ర పట్టేది కానీ మాట రాలేదు. ఆవిడ బతకడం మానుకుంటున్నారేమో అని మా ఇద్దరికీ లోపల భయంగా ఉండేది. పైకి అనుకోలేదు.

పగలంతా ఆవిడ వంటగది కిటికీ దగ్గర కుర్చీలో కూచునేవారు. మా పెరటి కంచె అవతల ఒక కాలిబాట, దాని పక్కన పాత రైలు పట్టాలు. అప్పుడప్పుడు ఒక గూడ్సు బండి మెల్లిగా పోతుంది. ఆ పట్టాల వారన ఎవరూ దున్నని, ఎవరూ కొయ్యని సన్నటి నేల ఉంది. మోకాలి లోతు మంచు పడ్డా అక్కడ గడ్డి దుబ్బులు వంగకుండా, ఇటుక రంగులో నిలబడి ఉండేవి. ఇల్లు కొన్నప్పటి నుంచీ అవి నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను ఒక్క రోజూ చూడలేదు.

ఒక శనివారం నేను కాఫీ కలుపుకుంటుంటే ఆవిడ తల తిప్పకుండానే అడిగారు.

“అల్లుడుగారూ, ఆ ఎర్రగా నిలబడి ఉండాదే, ఆ గడ్డి పేరేమి?”

ఆవిడ తనంతట తాను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు తెలిస్తే ఎంత బాగుండేదో. “ఏదో కలుపండీ. వీడ్స్” అన్నాను.

“కలుపు అనేది గడ్డి పేరు కాదు. దాని మీద మన అభిప్రాయం.”

క్లాసులో పిల్లని సరిదిద్దినట్టు, నెమ్మదిగా అన్నారు. నాకు చిన్నతనం అనిపించలేదు. ఇంట్లో హీటర్ ఆగి మళ్ళీ పనిచేసినట్టు అనిపించింది.

ఆ మధ్యాహ్నం చీర మీద నా పాత పార్కా కోటు, కాళ్ళకి నా భార్య బూట్లు వేసుకుని ఆవిడ బయటికి వచ్చారు. మెడలో నల్లదారానికి కట్టిన చిన్న భూతద్దం ఉంది. చీరల మధ్య పెట్టుకుని దాన్ని కర్నూలు నుంచి తెచ్చుకున్నారని మాకు అప్పటిదాకా తెలియదు. మంచులో అడుగు తీసి అడుగు వేస్తూ ఆ దుబ్బు దగ్గరికి వెళ్ళి, నేను వద్దంటున్నా గ్లౌజు తీసేసి, ఒక కంకిని వేళ్ళ మధ్య పట్టుకున్నారు. కాడ చివర కంకి మూడు వేళ్ళుగా విడిపోయి ఉంది, అచ్చం కోడి పాదంలా. భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు చూశారు. ఆవిడ ముక్కు ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలికో మరి దేనికో నేను అడగలేదు.

తరవాత భూతద్దం నాకిచ్చి ఏం చూడాలో చెప్పారు. గింజలు జంటలు జంటలుగా ఉన్నాయి. ప్రతి జంటలో ఒకటి కాడని అంటిపెట్టుకుని కూచుంది. రెండోది దాని పక్కనే, సన్నటి తొడిమ మీద నిలబడి ఉంది. కూచున్నదే విత్తు కడుతుందట. నిలుచున్నది పుప్పొడి ఇస్తుంది కానీ విత్తు కట్టదట. “జొన్న కంకిలో గూడా ఇట్లాగే ఉంటుంది” అన్నారు. “చెరకులో, వట్టివేరులో, నిమ్మగడ్డిలో గూడా. ఇది మన జొన్నకు చుట్టం, అల్లుడుగారూ. దూరపు చుట్టమే అనుకోండి. ఇంత చలిలో ఇది ఇక్కడ ఏమి చేస్తా ఉన్నట్టు?”

ఇంటికొచ్చాక నా ఫోన్‌లో వెతికించారు. ఇంగ్లీషులో దాన్ని బిగ్ బ్లూస్టెమ్ అంటారు. వేసవిలో కాడ అడుగున నీలం పొడి అద్దినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. కంకి ఆకారాన్ని బట్టి టర్కీ ఫుట్, అంటే టర్కీ కోడి కాలు, అని కూడా అంటారు. దాని శాస్త్రీయ నామంలో మొదటి ముక్కకి మగవాడి గడ్డం అని అర్థమట. అది చెప్పి, చలికి బద్ధకించి నేను పెంచిన గడ్డం వైపు ఒక్క క్షణం చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. అల్లుడితో పరాచికాలాడే అలవాటు ఆవిడకి లేదు. ఆ రాత్రి భోజనం దగ్గర రెండోసారి చారు పోసుకున్నారు. నా భార్య నావైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. మాకు మాత్రం ఆ గడ్డి పేరు ఆ రోజు నుంచి కోడికాలు గడ్డి.

పట్టాల పక్కనున్న దుబ్బుల నుంచి దూసిన గింజల్ని ఆవిడ తడి ఇసుకలో కలిపి, జిప్‌లాక్ కవర్లో వేసి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టారు. చలి తగలకపోతే వాటికి మొలవాలని తోచదట. మా పాప ఫ్రిజ్ తలుపు తీసి, “అమ్మమ్మా, వై ఈజ్ దేర్ డర్ట్ ఇన్ ద ఫ్రిజ్?” అని అడిగింది. ఆవిడ పాపని ఎత్తి స్టూలు మీద నిలబెట్టి మొత్తం తెలుగులోనే వివరించారు. పాప మొత్తం ఇంగ్లీషులోనే ప్రశ్నలు వేసింది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

అసలు ఇబ్బంది నాతోనే వచ్చింది. గింజలు మొలిపించడం సరే, నాటడం ఎక్కడ? మా పెరట్లో ఉన్నదంతా లాన్. దాన్ని నేను ప్రాణంగా పెంచుకున్నాను. వారం వారం కోయడం, ఎరువు, స్ప్రింక్లర్, ఆకురాలు కాలంలో మళ్ళీ విత్తనాలు చల్లడం. కృష్ణా జిల్లాలో వరి పొలాల మధ్య పుట్టినవాణ్ణి. నేల మీద ఒకే ఎత్తున ఒకే పచ్చదనం కనిపిస్తే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. కంచె పక్కన కాస్త చోటు కావాలని ఆవిడ అడిగినప్పుడు నేను కాదనలేదు కానీ ముఖంలో అయిష్టం దాచుకోలేకపోయాను.

ఆవిడ అది చూసి చిన్నగా నవ్వారు. “మీ లాన్ ఈ ఊరిదేమీ కాదు, అల్లుడుగారూ. అది గూడా మనలాగా సముద్రం దాటి వచ్చిందే. దాన్ని తీసెయ్యమని నేను అనను. గడ్డి జాతుల్లో అది మీ వరి వైపుది. నాది జొన్న వైపుది. ఎవరి చుట్టాలను వాళ్ళు పెంచుకుందాము.”

చోటు కొలవడానికి ఆవిడ ఒక పాత నేతచీర తెచ్చి కంచె పొడుగునా పరిచారు. చీరంత పొడుగు, చీరంత వెడల్పు. అంతకు మించి వద్దన్నారు. ఆ మేర కింద లాన్ చచ్చిపోవడానికి నేను పనిచేసే గోదాం నుంచి అట్టపెట్టెలు తెచ్చి పరిచాను. వాటి మీద ఆ చీరనే మళ్ళీ పరిచి అంచుల్లో రాళ్ళు పెట్టారు. పక్కింటాయన ఫ్యాక్టరీలో రిటైరైన ముసలాయన. కంచె మీంచి తొంగి చూసి, ఎవర్నైనా పూడ్చిపెడుతున్నారా అని నన్ను సరదాగా అడిగాడు. అత్తగారికి తెలుగులో చెబితే, “పూడ్చడం కాదు, లేపడం అని చెప్పండి” అన్నారు.

మే నెలలో నాటారు. ఆ వేసవి అంతా ఆ చోట జానెడు ఆకులు తప్ప ఏమీ లేవు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో నా లాన్ పచ్చబడింది. మే వచ్చి నేను రెండు మూడు సార్లు కోత కూడా కోశాను. ఆవిడ మడి మాత్రం ఎండిన చీపురు పుల్లల్లా ఉంది. చచ్చిపోయిందేమో అన్నాను. “అది ఎండ మొక్క. నేల వెచ్చబడేదాకా లేవదు. లేచినాక ఎవరి మాటా వినదు” అన్నారు. అలాగే జూన్‌లో లేచింది. జులైలో వానల్లేక, నీళ్ళ వాడకం మీద ఆంక్షలొచ్చి, నా లాన్ గోధుమ రంగుకి తిరిగితే, అది నీలం కలిసిన పచ్చదనంతో మోకాలి ఎత్తుకి వచ్చింది. ఆవిడ నన్ను ఎత్తిపొడవలేదు. సాయంత్రం పెరట్లో టీ తాగుతూ నా లాన్ వైపు చూసి, “పాపం, దానికి దాహం” అన్నారు. అది కూడా నిజమైన జాలితోనే.

మొదటి ఏడాదే ఆవిడ ఇంకో పని కూడా చేశారు. పొడవాటి ప్లాస్టిక్ గొట్టాన్ని నాచేత నిలువునా రెండుగా కోయించి, మళ్ళీ కలిపి వైరుతో కట్టించి, మట్టి నింపి, అందులో ఒకే ఒక మొక్క నాటారు. రెండో వేసవి చివర, స్కూలు తెరిచే ముందు, పాపనీ దాని స్నేహితుల్నీ పెరట్లో కూచోబెట్టి, నన్ను వైర్లు కత్తిరించమన్నారు. గొట్టం తెరిస్తే పైన ఉన్నది గుప్పెడు ఆకులు. కింద వేళ్ళు గొట్టం అడుగు దాకా దిగి, ఇంక దారిలేక చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. మట్టి దులిపి పాపని పక్కన నిలబెట్టారు. వేళ్ళు పాప కంటే పొడుగున్నాయి. పిల్లలు వాటిని పట్టుకుని జడలని ఆడుకున్నారు. “మన కంటికి ఏమీ కనిపించని సంవత్సరాలు దానికి వృథా కావు” అని ఆవిడ అన్నారు. పాప ఆటలో ఉంది, మిగతా పిల్లలకి తెలుగు రాదు. ఆ మాట నాకోసమో, తన కోసమో తెలియదు.

అప్పటికి ఆవిడ ఇంట్లో కూచోవడం మానేశారు. ఈ గడ్డి ఒకప్పుడు ఈ వైపు ఇసుక నేలల్లో, అక్కడక్కడ ఓక్ చెట్లు నిలబడ్డ మైదానాల్లో మనిషి కనబడనంత ఎత్తున ఉండేదట. నాగలి వచ్చాక పోయింది. నాగలి తిరగని చోట్ల మాత్రం మిగిలింది. అంటే రైలు పట్టాల వారన, ఏటవాలు గట్ల మీద, పాత శ్మశానాల్లో. అది తెలిశాక ఆవిడ ఊరి బయట ఉన్న పాత సమాధుల తోటలకి తీసుకెళ్ళమని అడగడం మొదలుపెట్టారు. ఆదివారాలు నేనే డ్రైవ్ చేసేవాణ్ణి. నా భార్యకి ఇది అసలు నచ్చలేదు. శ్మశానానికి సరదాగా ఎవరైనా వెళతారా అని తల్లిని అడిగింది. “ఇక్కడ నన్నెవరూ ఆపరు కదమ్మా” అని మాత్రం అన్నారు ఆవిడ. ఆ జవాబులో ఏముందో అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

అలాంటి ఒక సమాధుల తోటలోనే ఆవిడకి శనివారం గుంపు పరిచయమైంది. పాత గడ్డి మైదానాల్ని తిరిగి పెంచే వాలంటీర్లు వాళ్ళు. తెల్లటి జడ వేసుకున్న ఒక పెద్దావిడ వాళ్ళకి నాయకురాలు. అత్తగారి ఇంగ్లీషు క్లాసురూం ఇంగ్లీషు, ఒక్కో మాటా విడమరిచి పలికేవారు. మొక్కల లాటిన్ పేర్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఒకరు ఒక పేరు చెబితే ఇంకొకరు తల ఊపుతూ గంటలు గడిపేవాళ్ళు. శరదృతువులో గింజలు దూయడం, చలికాలంలో శుభ్రం చేయడం, వసంతంలో చల్లడం. వాళ్ళ కోసం ఆవిడ జొన్నరొట్టె, వేరుశనగ పొడి డబ్బాలో కట్టుకుని తీసుకెళ్ళేవారు. జొన్నపిండి స్కార్‌బరోలో ఒక కొట్టులో దొరుకుతుంది. నెలకోసారి అటు వెళ్ళి తెచ్చేవాళ్ళం. ఆ రొట్టె విరిచి వాళ్ళకి పెడుతూ, మీ గడ్డికి ఇది చుట్టమని ప్రతి కొత్త మనిషికీ చెప్పేవారు.

ఒక ఏప్రిల్‌లో ఆ గుంపు వాళ్ళు మైదానాన్ని కాలుస్తున్నారని కబురొచ్చింది. కొన్నేళ్ళకోసారి నిప్పు పెట్టకపోతే పొదలూ చెట్లూ ఆక్రమించి ఈ గడ్డి చచ్చిపోతుందట. ఇక్కడి ఆదివాసీలు తరతరాలుగా అలా కాల్చే ఈ మైదానాల్ని కాపాడుకున్నారని జడ పెద్దావిడ చెప్పింది. గడ్డి ప్రాణం నేల లోపల ఉంటుంది కాబట్టి మంట దాన్ని తాకదు. ఆ రోజు నేను సెలవు పెట్టి ఆవిడని తీసుకెళ్ళాను. పసుపు చొక్కాలూ హెల్మెట్లూ వేసుకున్న మనుషులు, నీళ్ళ ట్యాంకులు, గాలి ఎటు ఉందో చూసే ఒకాయన. మమ్మల్ని దూరంగా, దున్నిన గట్టు మీద నిలబెట్టారు.

నిప్పు ఒక చివర అంటించారు. ఎండిన గడ్డి చిటపటలాడుతూ ఒక వరుసలో కాలడం మొదలైంది. మంట మనిషెత్తు లేచి, ముందుకి నడిచి, వెనక నల్లటి నేలని వదిలి పోతోంది. వేడి మా ముఖాలకి తగిలింది. కుర్చీ తెస్తానంటే ఆవిడ వద్దన్నారు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని అలాగే నిలబడ్డారు. చాలాసేపటికి, మంట వైపు చూస్తూనే మాట్లాడారు.

“మీ మామగారి దగ్గరికి నన్ను రానీలేదు. వీధి చివర దాకా వచ్చినాను. ఆడవాళ్ళు అక్కడితో ఆగాలన్నారు. ఆగిపోయినాను.”

మామగారికి కొడుకుల్లేరు కాబట్టి, పెద్దవాళ్ళు కాసేపు తర్జనభర్జన పడి, చివరికి తలకొరివి నాచేత పెట్టించారు. ఆ రోజు గురించి అత్తగారు నన్ను ఎప్పుడూ అడగలేదు. అడగనిది నేనెలా చెబుతాను? అల్లుడికీ అత్తగారికీ మధ్య ఉండే మర్యాద అంత మందంగా ఉండేది.

“ఆ పొద్దు మీరు ఎంతసేపు ఉండినారు?” అని అడిగారు.

చెప్పాను. తుంగభద్ర ఒడ్డున సన్నగా వాన పడుతోందనీ, కట్టెలు తడిసి మొదట అంటుకోలేదనీ, కాటికాపరి తన గుడిసెలోంచి పొడి కట్టెలు తెచ్చి సర్దాడనీ చెప్పాను. తరవాత వాన ఆగిందనీ, మంట బాగా లేచిందనీ చెప్పాను. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే నదిలో స్నానం చేసి వెళ్ళిపోయారని చెప్పాను.

“మీరు గూడా వెళ్ళిపోయినారా?”

“లేదండీ. అయిపోయేదాకా ఉన్నాను.”

“ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు. కాటికాపరీ నేనూ.”

మంట మైదానం మధ్యకి చేరింది. పొగ మా మీదికి తిరిగి మళ్ళీ అటు మళ్ళింది. ఆవిడ ఇంకో మాట అడిగారు, చాలా చిన్న గొంతుతో.

“వచ్చేటప్పుడు వెనక్కి చూడొద్దని చెప్పినారా?”

“చెప్పారు.”

“చూసినారా?”

“చూశానండీ.”

ఆవిడ నావైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి. “మంచి పని చేసినావు, నాయనా” అన్నారు. అప్పుడు ఏడ్చారు. మామగారిని సాగనంపిన రోజు కూడా ఆవిడ ఏడవడం నేను చూడలేదు. పక్కన నిలబడి చెయ్యి ఇచ్చాను. పట్టుకున్నారు. మంట అవతలి గట్టు దాకా పోయి ఆరిపోయేవరకు అలాగే నిలబడ్డాం. మాకేదో అయిందనుకుని జడ పెద్దావిడ నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. ఏమీ అడగకుండా ఇచ్చి వెళ్ళిపోయింది.

కారులో తిరిగి వస్తున్నంతసేపూ ఆవిడ మామగారి గురించి మాట్లాడారు. ఆయనకి కాకరకాయ వేపుడంటే ఎంత ఇష్టమో, వాన పడితే కరెంటు పోతుందని రేయింబవళ్ళు ఎలా కంగారుపడేవారో, మొక్కల కోసం ఆవిడ నల్లమల కొండలెక్కితే కింద బస్టాపులో పేపరు చదువుతూ ఎలా కూచునేవారో. నేను కావాలనే పొడుగు దారిలో ఇంటికి తీసుకొచ్చాను. ఆ రోజు నుంచి ఇద్దరమే ఉన్నప్పుడు నేను నాయనా, నలుగురిలో మాత్రం అల్లుడుగారు.

మే ఆఖరున మళ్ళీ వెళ్ళాం. నల్లటి నేల నిండా పచ్చటి సూదులు. ఆవిడ మోకాళ్ళ మీద కూచుని అరచేత్తో వాటి మీద నిమిరారు, జ్వరం తగ్గిన పిల్ల నుదురు తాకినట్టు. ఆ సమయంలో ఏదో ఒక పాఠం చెబుతారని నేను ఎదురుచూశాను. బహుశా చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

మా పెరట్లోని మడి మూడో ఏట మనిషెత్తు దాటింది. పక్కింటాయన తన భార్య జ్ఞాపకంగా వేసిన పూలమొక్కల వెనక పెట్టుకుంటానని ఒక దుబ్బు అడిగాడు. ఆవిడ తనే గునపం పట్టబోతే నేను లాక్కున్నాను. వేళ్ళు తెగవు, నాకు చెమటలు పట్టాయి. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన స్టూడెంట్ పిల్లలు మా ఇంటికి భోజనానికి వస్తే పెరట్లో ఆ గడ్డి ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునేవారు. ఆవిడ వాళ్ళకి అన్నం పెట్టి, ఏం చదువుతున్నారు, పార్ట్‌టైమ్ జాబ్ ఎక్కడ, ఇంటికి ఫోన్ చేశారా అని అడిగి, తరవాత తప్పనిసరిగా కంకి చూపించేవారు. ఒక వరంగల్ అమ్మాయి, “మా అమ్మమ్మ జొన్నచేనుల కూడా గిట్లనే ఉంటది ఆంటీ” అంటే, ఆ అమ్మాయికి రెండు రొట్టెలు అదనంగా కట్టి ఇచ్చారు.

ఈ వేసవి ఆవిడ ఎక్కువ నడవలేకపోయారు. మడి పక్కన కుర్చీ వేసేవాణ్ణి. జులై చివర కంకులు విడిచాయి. ఆగస్టులో పూత వచ్చింది. ఈ గడ్డి పువ్వంటే రేకులుండవు. కంకి పొడుగునా పసుపూ ఎరుపూ కలిసిన చిన్న చిన్న తిత్తులు దారాలకి వేలాడుతాయి. గాలి వస్తే పుప్పొడి ఆవిడ తెల్లజుట్టు మీద పడేది. దులుపుకునేవారు కాదు.

అప్పుడే ఒక సాయంత్రం కూతుర్ని పిలిచి, తనకేమైనా అయితే ఎవరూ ఇంట్లో ఉండిపోవద్దని చెప్పారు. “నువ్వు రా. పాపను గూడా తీసుకురా. చివర దాకా రండి.” నా భార్య అలాంటి మాటలొద్దని లేచి లోపలికి వెళ్ళిపోయింది. కానీ మరిచిపోలేదు. ఆవిడని సాగనంపిన రోజు దహనశాలలో, లోపలికి ఎవరు వస్తారని అక్కడి ఉద్యోగి అడిగినప్పుడు, పురోహితుడు నావైపు చూశాడు. నా భార్య “నేను” అంది. పాప తల్లి చెయ్యి పట్టుకుంది. ముగ్గురం వెళ్ళాం. బటన్ నొక్కింది నా భార్య. బయటికి వచ్చేటప్పుడు ఆమె ఆగి, వెనక్కి తిరిగి, తలుపు వైపు చూసింది. పురోహితుడు ఏమీ అనలేదు. ఆయన మంచివాడు.

అక్టోబరులో శనివారం గుంపు నుంచి ఫోనొచ్చింది. గింజలు దూసే రోజట, రాగలరా అని జడ పెద్దావిడ మొహమాటంగా అడిగింది. నేనూ పాపా వెళ్ళాం. పాపకిప్పుడు నా భుజం దాటిన ఎత్తు, హైస్కూలు. మైదానమంతా రాగి రంగులో ఉంది. నడుముకి సంచులు కట్టుకుని, కంకిని గుప్పిట పట్టి పైకి దూస్తూ మధ్యాహ్నం దాకా తిరిగాం. తిరిగొచ్చి కార్లో కూచుంటే నా స్వెటర్ నిండా గింజలు. దులపబోతుంటే పాప ఆపింది.

“డాడ్, వెయిట్.”

నా చేతి మీంచి ఒక గింజ తీసి తన అరచేతిలో పెట్టుకుంది. దానికి సన్నటి తోక ఉంది, మధ్యలో వంగి, కింది సగం తాడులా మెలి తిరిగి. అరచెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుని, చలికి చేతులు కాచుకుంటున్నట్టు, దాని మీద మెల్లిగా ఊదింది, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నట్టుంది. ముందు ఏమీ జరగలేదు. పాప మళ్ళీ ఊదింది. ఆ తడి తగిలి తోక కదిలింది. మెలి విప్పుకుంటూ, దిగడానికి మట్టి వెతుక్కుంటున్నట్టు, పాప అరచేతిలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కారు స్టార్ట్ చేయకుండా ఇద్దరం దాన్నే చూస్తూ కూచున్నాం.